రేకుల కింద కురిసిన వాన

ఈ ఉదయం పది గంటలకు, మరమ్మతుకు పోవాల్సిన గూడ్స్ వ్యాగన్‌లోకి బియ్యం బస్తాలు ఎక్కించబోయారు. మహబూబాబాద్ జిల్లాలోని ఓ గూడ్స్ షెడ్‌కు వేరే పని మీద వెళ్లి ఇది చూశాను. ఆ వ్యాగన్ తలుపు కీలు విరిగింది. తలుపు ఊడితే కింద ఉన్న హమాలీ బతకడు. పాడైన వ్యాగన్‌కు రెండు వైపులా సుద్దతో ‘సిక్’ అని రాసి, అట్ట కడతారు. బయటి పట్టాల వైపు రెండూ ఉన్నాయి. రేకుల షెడ్ వైపు అట్ట లేదు, రాత లేదు. తడిగుడ్డతో తుడిచిన మరక ఉంది.

లోడింగ్ సూపర్‌వైజర్‌ను అడిగాను.

“రాత్రి వానకు పోయింది సార్. గిదేం పెద్ద ముచ్చట?”

పక్కనే ఉన్న హమాలీ యాకయ్య ఊరుకోలేదు. “ఏందన్నా, వాన రేకుల కిందనే కొట్టిందా? బయట పడలేదా? రేపు తలుపు మీద పడితె మా పిల్లలకు గిదే చెప్తవా?”

సూపర్‌వైజర్ ఫోన్ తీసి పక్కకు పోయాడు. హమాలీలు బస్తాలు దించి కూర్చున్నారు.

ఎవరు తుడిచారో నేను చూడలేదు, కాబట్టి రాయను. తుడిచినవారు అవతలి వైపుకు నడవడానికి బద్ధకించారని మాత్రం చెప్పగలను. రేకుల కిందే కురిసే వాన మీ ఊళ్లో ఎప్పుడైనా పడిందా?

వ్యాగన్‌ను స్టేషన్ మాస్టర్‌కు చూపించాను. వ్యాగన్లు పరీక్షించే సిబ్బంది రేపు పొద్దున వస్తున్నారు. అప్పటిదాకా దాన్ని ముట్టబోమని హమాలీలు చెప్పారు.