రెండో సీలు

పదిహేడేళ్లుగా ఒక స్క్రూ గురించి నేను ఎవరికీ చెప్పలేదు. నా భార్యకు చెప్పలేదు. దేవుడికీ చెప్పలేదు, గుడికి వెళ్లినప్పుడల్లా వేరే కోరికలు కోరుకుని వచ్చేశాను. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెప్పగలననిపిస్తోంది. చదివాక నన్ను ఏమనుకున్నా ఫర్వాలేదు. మధ్యలో మాత్రం ఆపకండి, ఎందుకంటే నేను దీన్ని మళ్లీ మొదలుపెట్టలేను.

మాది గుంటూరు. డిప్లొమా అయ్యాక ఢిల్లీ వచ్చి, లక్ష్మీ నగర్‌లో గది తీసుకుని, ఘజియాబాద్ వైపు కరెంటు మీటర్లు మార్చే ఒక కాంట్రాక్టరు దగ్గర చేరాను. చక్రం తిరిగే పాత మీటర్లు తీసేసి, రేడియోతో రీడింగు పంపే కొత్తవి బిగించడం మా పని. ముందు చూద్దామని కొన్ని వీధులకే పెట్టారు. రీడింగు తీసుకునే మనిషి ఇక ఇంటికి రానక్కరలేదు. మీటరు తనంతట తానే స్తంభం మీది పెట్టెకు చెబుతుంది, ఆ పెట్టె ఆఫీసుకు చెబుతుంది. యూనిట్లే కాదు, ఎవరైనా తీగలతో ఆడుకుంటే అదీ చెబుతుంది. దాని తెలివి చూసి అప్పట్లో తెగ మురిసిపోయేవాణ్ణి.

ఆ వైపే వైశాలి కాలనీలో ఒక నాలుగంతస్తుల బిల్డింగ్. మీటర్లన్నీ మెట్ల కింద ఒకే బోర్డు మీద ఉన్నాయి. రెండో అంతస్తులో రాజ్యలక్ష్మిగారు ఉండేవారు. కాకినాడ ఆవిడ, సెంట్రల్ గవర్నమెంటు ఆఫీసులో అసిస్టెంటు. భర్త లేరు, పన్నెండో తరగతి చదివే కూతురు. నేను తెలుగువాణ్ణని తెలియగానే పైకి పిలిచి ఉప్మా పెట్టారు. ఈ ఏడు ప్రమోషన్ లిస్టులో తన పేరుందని, అది వస్తే పిల్ల కాలేజీ గురించి ఇక దిగులుండదని చెప్పారు. అంత సంతోషం దాచుకోవడం ఆవిడకు చేతకాలేదు.

తిని, కిందికి దిగి ఆవిడ మీటరే బిగించాను. న్యూట్రల్ తీగను పట్టే స్క్రూ మర పోయి ఉంది. ఎంత తిప్పినా బిగుసుకోదు. కొత్త మీటరు తేవాలంటే స్టోరు దాకా వెళ్లాలి, ఆ రోజుకు ఇంకా ఆరు ఇళ్లున్నాయి. అందుకని ఆవిడ ఇంటినుంచి తిరిగొచ్చే న్యూట్రల్‌ను మీటరు గుండా పంపకుండా, బోర్డు మీదికి అందరికీ ఉమ్మడిగా వచ్చే న్యూట్రల్‌కు నేరుగా కలిపి నల్ల టేపు చుట్టాను. ఇంట్లో లైట్లు వెలిగాయి. యూనిట్లు సరిగ్గానే పడతాయి, ఒక్కటి కూడా తగ్గదు. పాత మీటరైతే తేడాయే తెలిసేది కాదు. రేపొచ్చి సరిచేద్దామనుకుని మీటరు మూతకు సీలు వేసి, దాని నంబరు ఆఫీసుకిచ్చే కాగితం మీద రాశాను. ఆ రేపు రాలేదు.

కొత్త మీటరుకు తేడా తెలిసింది. ఇంట్లోకి వెళ్లిన కరెంటు తన గుండా తిరిగి రావడం లేదంటే, ఎవరో దాన్ని దొంగదారి పట్టిస్తున్నారని దాని లెక్క. ఒక చిన్న ఎర్ర దీపం వెలిగించింది. మెట్ల కింద దాన్ని ఎవరు చూస్తారు? అది వెలుగుతూనే ఉంది, రోజూ స్తంభానికి చెబుతూనే ఉంది. ఆవిడ రోజూ పొద్దున్నే దాని పక్కనుంచే ఆఫీసుకు వెళ్లేవారు.

రెండు నెలల తర్వాత, అనుమానం ఉన్న ఇళ్ల లిస్టు మా ఆఫీసు గోడకు అంటించారు. పైనుంచి మూడో పేరు ఆవిడది. ఎల్లుండి తనిఖీ. అప్పుడే సూపర్‌వైజరు దగ్గరికెళ్లి చెప్పేసి ఉంటే ఏమయ్యేది? తిట్టేవాడు. మహా అయితే ఉద్యోగం పోయేది. అంతే కదా? ఇప్పుడు అంతే అంటున్నాను గానీ, అప్పుడు అది కొండంత కనిపించింది.

మర్నాడు మధ్యాహ్నం, ఆవిడ ఆఫీసులో ఉండే వేళ చూసుకుని, ఒక్కణ్ణే వెళ్లాను. సీలు తెంపాను. కాస్త లావుపాటి స్క్రూ పట్టించి న్యూట్రల్‌ను మీటరులోకి తెచ్చాను. దీపం ఆరిపోయింది. నా పేరున ఇచ్చిన సీలు వేస్తే ఎందుకు వెళ్లావని అడుగుతారు. సంచి అడుగున ఎవరి పేరునా రాయని పాత సీలు ఒకటి ఉంటే అది వేశాను. ఇంటికి వస్తూ బస్సులో హాయిగా నిద్రపోయాను కూడా.

బిగించినవాణ్ణి కాబట్టి తనిఖీకి నన్నూ రమ్మన్నారు. కరెంటు ఆఫీసునుంచి వచ్చిన ఆఫీసరు నేను నంబరు రాసిచ్చిన కాగితం చూశాడు, సీలు చూశాడు. నంబర్లు కలవలేదు. రెండు నెలలు ఆగకుండా వచ్చిన సంకేతం నిన్న మధ్యాహ్నం ఆగిపోయింది. ఇంట్లోవాళ్లే తనిఖీ సంగతి ఎలాగో తెలుసుకుని, సీలు తెంపి, దొంగ తీగ తీసేసి, ఇంకో సీలు వేశారని తేల్చాడు. అతనికి అంతకన్నా ఏం కావాలి? నా తప్పు తుడవబోయి ఆవిడ మీద సాక్ష్యం నేనే తయారుచేశానని అక్కడ నిలబడి ఉండగా అర్థమైంది.

రాజ్యలక్ష్మిగారు నా దగ్గరికి వచ్చి తెలుగులో అడిగారు. మెట్ల మీద ఇరుగుపొరుగు అందరూ ఉన్నారు.

“బాబూ, నువ్వే కదా బిగించావు. మేం దాని జోలికి పోలేదని వాళ్లకి చెప్పు. నీ మాటైతే వింటారు.”

“నేను బిగించినప్పుడు బాగానే ఉందండీ.”

“పోనీ, తర్వాత మీవాళ్లెవరైనా వచ్చారేమో అడుగు.”

“ఎవరూ రాలేదండీ.”

ఆవిడ ఏమంటోందని ఆఫీసరు నావైపు తిరిగాడు. “క్యా బోల్ రహీ హై?”

“పూఛ్ రహీ హై సర్, ఆగే క్యా హోగా,” అన్నాను. తర్వాత ఏమవుతుందో అడుగుతోందని.

ఆవిడ ఇరవై ఏళ్లుగా ఢిల్లీలో ఉన్న మనిషి. హిందీ నాకన్నా బాగా వచ్చు. బిగించినవాడి నోటితో చెబితే విలువ ఉంటుందని నాతో చెప్పించాలనుకున్నారు, అంతే. నేను ఏమన్నానో ఆవిడకు అక్షరం అక్షరం అర్థమైంది. ఎందుకన్నానో మాత్రం అర్థం కాలేదు. తిట్టలేదు.

“మమ్మీ, ఛోడో. యే భీ ఉన్హీ కా హై,” అంది కూతురు. వీడూ వాళ్ల మనిషేనని.

దొంగతనం కేసు పెట్టారు. ఆవిడ ఆఫీసుకు ఉత్తరం వెళ్లింది, ప్రమోషన్ లిస్టులోంచి పేరు తీసేశారు. చలికాలం రాకముందే ఇల్లు ఖాళీ చేశారని విన్నాను. మంచి కేసు పట్టామని మా ఆఫీసులో లడ్డూలు పంచారు. నేనూ తిన్నాను. రెండు తిన్నాను.

తిలాపాపం తలా పిడికెడు అంటారు. ఆఫీసరుకు ఒక పిడికెడు, కాంట్రాక్టరుకు ఒక పిడికెడు పంచిపెడదామని ఏళ్ల తరబడి చూశాను. ఆఫీసరు తన ముందున్నది చూశాడు. మీటరు తనకు తెలిసింది చెప్పింది. అబద్ధమాడింది నేనొక్కణ్ణే. భయం వల్లనా? ఉద్యోగం పోతుందని మొదటి రోజు భయపడ్డాననుకుందాం. మరి పదో రోజు? మూడో ఏడు? వేరే ఉద్యోగం దొరికాక కూడా ఎందుకు చెప్పలేదు? నన్ను నేను మంచివాణ్ణని అనుకోవడం అలవాటైపోయింది, ఆ అలవాటు పోగొట్టుకోవడం ఇష్టం లేకపోయింది. ఇంతకన్నా మర్యాదైన కారణం నాకు దొరకలేదు.

ఇప్పటికీ మీటర్ల పనే చేస్తున్నాను. సీలు రిజిస్టరు విషయంలో మహా కచ్చితమైన మనిషినని పేరుంది. అనుమానం ఉన్న ఇళ్ల లిస్టు ఇప్పుడు రోజూ పొద్దున ఫోనులోకే వస్తుంది. ఒక్కో పేరు దగ్గరా ఆగి రెండోసారి చదువుతాను, దాని వెనక నాలాంటివాడు ఎవడున్నాడోనని.

ఒకసారి ధైర్యం చేసి ఆవిడ ఆఫీసుకు ఫోను చేశాను. సర్వీసు ఇంకా ఉండగానే మానేశారని చెప్పారు. ఎక్కడున్నారో తెలియదట. మీరెవరని అడిగారు. పెట్టేశాను.

ఇవాళ చెబుతున్నాను. ఆ మీటరు బిగించింది నేను. మొదటి సీలు వేసిందీ, తెంపిందీ, రెండోది వేసిందీ నేనే. రాజ్యలక్ష్మిగారు కరెంటు దొంగిలించలేదు.