చెవి అందిన ఏడు

కొత్తగూడ పిల్లలలో, పుట్టిన తేదీతో పాటు బీజమై మొలకెత్తిన ఘడియ సైతం కాగితం మీద ఉన్నది చిన్ను ఒక్కతెకే. ఆ కాగితాన్ని తల్లి నీలమ్మ ఇనప్పెట్టె అడుగున, పెళ్లిచీర మడతలో దాచింది. దాని పైభాగాన సంతానం లేనివారికి వైద్యం చేసే దవాఖాన పేరు అచ్చయి ఉంది. అది ఎవరైనా చదివితే, పద్నాలుగేళ్ల నిరీక్షణ తరువాత తన బిడ్డ గాజుపాత్రలో రూపుకట్టిందన్న సంగతి ఊరంతటికీ తెలిసిపోతుంది. ఆ రహస్యం ఎరిగిన వారు ఇంటి పెద్దలు ముగ్గురే: నీలమ్మ, మాదాపూర్ గుట్టల్లో రాయి కొట్టే ఆమె భర్త పోచయ్య, అత్త చెన్నమ్మ.

నాడు ఆ దవాఖానలో డాక్టరమ్మ సూక్ష్మదర్శినిలో చూపిన దృశ్యాన్ని నీలమ్మ మరువలేదు. ఒకదానినొకటి అంటిపెట్టుకున్న నాలుగు నీటిబొట్లు. "ఇవి నిలబడితే నీ బిడ్డ" అన్నదామె. నీలమ్మ అప్రయత్నంగా చేతులు జోడించింది. ఆ విస్మయం వెనుకనే భయమూ పుట్టింది: గాజులో మొదలైన బిడ్డ గాజులాగే పెళుసవుతుందేమో! మాదాపూర్‌లో బండలు పేల్చిన చప్పుడు వినబడినప్పుడల్లా బిడ్డను రొమ్ముకు హత్తుకొనేది.

"గాజు గాజు అంటవేందే?" అనేవాడు పోచయ్య. "గాజు గూడ ఇసుకతోనే అయితది, ఇసుక రాయిలకెల్లి వస్తది. నా బిడ్డ రాయి."

తొంభై ఎనిమిది జూన్‌లో, ఐదేళ్లు నిండగానే, చిన్నును బడికి తీసుకువెళ్లారు. హెడ్మాస్టరు కామేశ్వరరావు కోస్తా నుంచి వచ్చినవారు. పుట్టిన తేదీ కాగితం అడిగారు. నీలమ్మ తలవంచుకొని, "లేదు సార్" అంది.

కాగితం లేని పిల్లలకు ఒక పాత కొలత ఉంది. కుడిచేతిని నడినెత్తి మీదుగా వంచి ఎడమ చెవిని అందుకోవాలి. ఏ పంచాంగమూ లేని ఇళ్లలో, వరదలను బట్టి, కరువులను బట్టి పుట్టుకలను లెక్కించిన కాలం నాటి పద్ధతి అది. పసితనంలో తల పెద్దది, చేయి పొట్టిది. ఐదారేళ్లకు చేయి తలను గెలుస్తుంది. తన ఈడుకు దేహమే సాక్ష్యం చెప్పే ఆ ఏర్పాటు ఎవరు కనిపెట్టారో గాని, తరతరాల ఉపాధ్యాయులు దానిని నమ్మారు.

చిన్ను వేళ్లు చెవికి రెండంగుళాల పైనే ఆగిపోయాయి.

"వచ్చే ఏడు తీసుకురండమ్మా" అన్నారు హెడ్మాస్టరు.

ఆ క్షణం నుంచి నీలమ్మకు నిద్రాహారాలు లేవు. ఏటేటా పరీక్షించే డాక్టరమ్మ, బరువూ ఎత్తూ సరిగ్గానే ఉన్నాయని చెప్పినా ఆమె నమ్మలేదు. రోజూ పొద్దున గడప ముందు నిలబెట్టి, చెవి అందుకొమ్మనేది. అందేది కాదు.

"రోజూ కొలుస్తె గుమ్మడికాయ గూడ పెరగదే" అని చెన్నమ్మ దెప్పేది. "దాన్ని జర ఆడుకోనియ్యి."

బిడ్డ పుట్టిననాడే నీలమ్మ యాదగిరి నరసింహస్వామికి మొక్కుకుంది, ఐదేళ్లు నిండాకనే పుట్టువెంట్రుకలు తీయిస్తానని. అంతదాకా కత్తెర తాకరాదు. నడుముదాకా పెరిగిన ఆ జుట్టును నడినెత్తిన గట్టి సిగగా చుట్టి, ఎవరినీ విప్పనిచ్చేది కాదు. తొంభై తొమ్మిది వైశాఖంలో గుట్టమీద మొక్కు తీరింది. ఒడిలో కూర్చున్న బిడ్డ తల మీద నుంచి కురులు జారుతుంటే, ఆ నున్నని గుండును నీలమ్మ మొదటిసారి చూసింది. కణత దగ్గర నరం సన్నగా కొట్టుకుంటోంది. నాలుగు నీటిబొట్లు ఇంతయ్యాయా అని ఆమె ఆ నరం మీద వేలు ఆనించింది. ఇక బడి తెరిచేదాకా, అందదేమోనన్న భయంతో, చెవి అందుకొమ్మని అడగనేలేదు.

జూన్‌లో మళ్లీ బడి. ఈసారి చెన్నమ్మ కూడా వెంట వచ్చింది. హెడ్మాస్టరు చెప్పకముందే చిన్ను చేయెత్తింది. ఆ చేయి గుండు మీదుగా జారి, చెవిని దాటి, తమ్మెను పట్టుకొని కిందికి లాగింది.

హెడ్మాస్టరు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. "ఒక్క ఏడాదిలో ఇంత తేడానా? ఆగండమ్మా, పోయినేడు ఈ నెత్తిన ఒక సిగ ఉండేది కదూ?"

"అవ్ సార్. మొక్కు జుట్టు. ముడేసి ఉంచిన."

"అయితే నేను కొలిచింది పిల్లను కాదండీ, సిగను. తప్పు నాదే. ఈ పిల్లకు చెవి అప్పుడే అంది ఉంటుంది."

చెన్నమ్మ కోడలి వైపు చూసింది. "విన్నవా? ఏడాదంత బిడ్డను గాదు, నువ్వు బెంగను పెంచినవ్."

నీలమ్మ నవ్వబోయి ఏడ్చింది. బిడ్డకు ఏ లోటూ లేదు, ఏనాడూ లేదు. హెడ్మాస్టరు రిజిస్టరు తెరిచి, పుట్టిన తేదీ ఉజ్జాయింపుగా వేయబోయారు.

"ఆగుండ్రి సార్" అంది నీలమ్మ. "కాగితమున్నది. పెట్టెల ఉన్నది. తెస్త."

తెచ్చి ఇచ్చింది. ఆయన పైనున్న దవాఖాన పేరు చదివారు. దిగువనున్న ఘడియ చదివారు. ఆ తరువాత చిన్ను వైపు చాలాసేపు, గుడిలో చూసినట్టు చూశారు. తేదీ రాసుకొని, కాగితాన్ని పాత మడతల మీదనే జాగ్రత్తగా మడిచి, రెండు చేతులా తిరిగి ఇచ్చారు.

చిన్ను అప్పటికీ చెవి వదలలేదు.