గోడ తామర

సుగుణమ్మగారు ఆ మొక్కను మా చేతిలో పెట్టినప్పుడు నేను ముందు చూసింది మట్టిని. పద్దెనిమిది రోజులు ప్రత్యేక వార్డులో ఉండి, రెండు కిలోలైనా లేకుండా ఇంటికి వస్తున్న పాప పక్కన మట్టి ఏమిటని భయం. నేను మైక్రోబయాలజీ చదివాను. మట్టిలో ఏమేం బతుకుతాయో అవసరానికి మించే తెలుసు.

ఏలూరులో మా ఇందు నెలలు నిండకుండా పుట్టిన ఆసుపత్రిలో సుగుణమ్మగారు ఆయా. యాభై ఎనిమిదేళ్ళుంటాయి. పుట్టిందీ మెట్టిందీ కొల్లేటికోటలోనే. భర్త విశ్వాసంగారు చేపల చెరువుకు కాపలా ఉండేవారట. వలలు వేసి చెరువంతా ఖాళీ చేసే పట్టుబడి రోజున చేపలు ఏరే పనికి ఆవిడా వెళ్ళేవారు. ఆయన పోయాక ఏలూరు వచ్చి ఈ పనిలో చేరి పన్నెండేళ్ళయింది.

ఒకసారి ఎవరో డాక్టరుగారి ఏసీ గదిలో, బహుమతిగా వచ్చిన సక్యులెంట్, అంటే నీళ్ళు ఆకుల్లోనే దాచుకునే రకం మొక్క, పాడైతే చెత్తబుట్టలో వేశారు. అందులోంచి ఆవిడ రెండు ఆకులు ఏరుకున్నారు. ఆ రెండింటి సంతానమే ఇప్పుడు వార్డు వెనక వరండా పిట్టగోడ పొడవునా పాలడబ్బాల్లో ఉంది. దళసరి ఆకులు రేకుల్లా విచ్చుకుని ఉంటాయని దానికి గోడ తామర అని పేరు పెట్టుకున్నారు. వార్డు నుంచి ఇంటికి వెళ్ళే ప్రతి బిడ్డకూ ఒక డబ్బా ఇచ్చి పంపుతారు.

మా డబ్బాను తూర్పు కిటికీలో పెట్టాం. నేను పాపను రోజూ తూచేవాణ్ణి. మొక్కకు నీళ్ళ పట్టిక రాసి గోడకు అంటించాను. మొక్క కొత్త ఆకు వేస్తే ఆ రోజంతా ధైర్యంగా ఉండేది. ఒక ఆకు వాడితే పాప ఒళ్ళు పట్టుకుని చూసేవాణ్ణి. నవ్వుతారని ఎవరికీ చెప్పలేదు.

పాపకు ఏడో నెలలో తణుకులో పెళ్ళికి నాలుగు రోజులు వెళ్ళాల్సి వచ్చింది. మొక్కను కింద వాటాలో ఉండే ఇంటావిడ వీరరాఘవమ్మగారికి అప్పగించాను. వాళ్ళది భీమడోలు వైపు వ్యవసాయం. వెలుతురులో ఉంచితే చాలని చెప్పాను. పేరేమిటని అడిగితే గోడ తామర అన్నాను.

తిరిగి వచ్చేసరికి మొక్క ఇత్తడి పళ్ళెంలో, నిండా నీళ్ళలో ఉంది. కాండం చుట్టూ వాళ్ళ చేలోంచి తెప్పించిన నల్లమట్టి.

"తామరకి నీళ్ళు లేకపోతే ఎలాగండీ? హడావుడిలో మర్చిపోయి వెళ్ళారనుకున్నాను," అన్నారావిడ సంతోషంగా.

కింది ఆకులు గాజులా పారదర్శకమయ్యాయి. ముట్టుకుంటే ఊడి వస్తున్నాయి. కాండం నల్లబడింది. ఆ సాయంత్రమే పాపకు జ్వరం వచ్చింది. డాక్టరుగారు చూసి, మామూలు వైరల్ జ్వరమే, మూడు రోజుల్లో తగ్గుతుందన్నారు. నేను అరగంటకోసారి ధర్మామీటరు పెడుతూ, మధ్యలో కిటికీ వైపు చూస్తూ ఉన్నాను.

నా భార్య అలేఖ్య అది కనిపెట్టింది. "ఏవండీ, దాన్ని సుగుణమ్మగారి దగ్గరికి తీసుకెళ్ళండి. మీరిక్కడే ఉంటే ఆ ధర్మామీటరు అరిగిపోతుంది."

ఆసుపత్రిలో ఆయాల గదిలో సుగుణమ్మగారు బ్లేడును స్పిరిట్‌తో తుడిచి, కుళ్ళిన కాండాన్ని పచ్చదనం కనబడేదాకా కోశారు. మిగిలింది పిడికెడు తల. దాన్ని పాత పేపరు మీద పెట్టి బీరువా పైన ఉంచారు. మట్టి ఎప్పుడు పెట్టాలని అడిగాను.

"మా వైపు పట్టుబడి అయ్యాక చెరువు ఎండగడతారండి. నేల నెర్రెలు విచ్చేదాకా చుక్క నీరు పెట్టరు. తొందరపడితే అడుగున ఉన్న కుళ్ళు కొత్తగా వేసే చేపపిల్లకి తగులుతుంది. దీని గాయమూ అలా ఎండాలండి. అంతదాకా మీరు చెయ్యాల్సిందేం లేదు."

ఏమీ చెయ్యకుండా ఉండడమే నాకు చేతకాని పని. "పాపతో పాటు ఇంటికొచ్చిన మొక్కండి," అన్నాను.

ఆవిడ నవ్వలేదు. కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి పిట్టగోడ మీద వరసగా ఉన్న డబ్బాలు చూపించారు. "ఇవన్నీ ఆ రెండాకుల్లోంచి వచ్చినవేనండి. మీ ఇంట్లోది పోయినా మీ మొక్క ఇక్కడుంది, ఎన్ని ఇళ్ళల్లోనో ఉంది. దానికీ పాపకీ ముడి పెట్టకండి. పాపని ఇంకా రోజూ తూస్తున్నారా?"

తూస్తున్నానన్నాను.

"చెరువులో చేపని కూడా రోజూ తూయరు కదండీ."

ఆ మొక్కలన్నీ జన్యుపరంగా ఒకటేనని పరీక్షలో అడిగితే నేను రాసేవాణ్ణి. నా మొక్క విషయంలో మాత్రం ఆవిడ చెప్పేదాకా తట్టలేదు. ఇంటికి నడుస్తుంటే చాలా నెలల తరవాత భుజాలు తేలికయ్యాయి.

ఇందు జ్వరం మూడో రోజుకు తగ్గింది. పదకొండో రోజున సుగుణమ్మగారు ఫోన్ చేసి రమ్మన్నారు. మట్టీ నీరూ ఏదీ లేకుండానే, కోసిన చోట దారాల్లాంటి గులాబీ రంగు వేర్లు వచ్చాయి. సంగతి తెలిసి వీరరాఘవమ్మగారు నీళ్ళు నిలవకుండా పాత పెంకులు నలగ్గొట్టి, ఇసుకలో కలిపి ఇచ్చారు. ఇక ఆ తామర జోలికి రానని ఒట్టు కూడా పెట్టుకున్నారు.

మా ఇందుకు ఇప్పుడు రెండేళ్ళు. కాటా అటక మీద ఉంది. మా మొక్క ఆకుల నుంచి మొలిచిన పిల్లలను అప్పుడప్పుడు ఆ పిట్టగోడకు చేరుస్తుంటాను. సుగుణమ్మగారికి ఇంకేమి ఇవ్వబోయినా పుచ్చుకోరు.

మొన్న ఆదివారం అలా వెళ్ళినప్పుడు ఒక జంట బిడ్డతో ఇంటికి బయలుదేరుతున్నారు. సుగుణమ్మగారు నేను తెచ్చిన డబ్బానే వాళ్ళకిచ్చారు. ఆ తండ్రి ముందు మట్టినే చూశాడు.

దగ్గరికి వెళ్ళి, నీళ్ళు బాగా తక్కువ పొయ్యమని చెప్పాను. "ఊరెళ్ళేటప్పుడు ఎవరికైనా అప్పగిస్తే," అన్నాను, "పేరు మాత్రం చెప్పకండి."