చురుక్కమ్మ చెయ్యి చాపిన రోజు

మా పెద్దమ్మ పిల్లల ఆసుపత్రిలో రక్తం తీస్తుంది. ఈ మాట చెప్పగానే ఎదుటివాళ్లు మొహం అదోలా పెడతారు. "పసిపిల్లలకా? చేతులెలా వస్తాయండీ ఆవిడకి?" అంటారు. పెద్దమ్మ మాత్రం అదేదో కూరగాయలు తరిగే సంగతి అయినట్టు, "రెండు చేతులూ వస్తాయి. ఒకటి సూదికి, ఒకటి పిల్లల వేళ్లు పట్టుకోడానికి" అని తన దారిన తాను పోతుంది.

ఆసుపత్రిలో ఆమె అసలు పేరు జీతాలిచ్చే గుమాస్తాకు తప్ప ఎవరికీ గుర్తు లేదు. పిల్లలు పెట్టిన పేరు చురుక్కమ్మ. సూది పట్టుకున్న పెద్దవాళ్లందరూ ఆడే అబద్ధం ఒకటుంది కదా, "ఏం కాదు నాన్నా, నొప్పే ఉండదు" అని. ఆ మాట పెద్దమ్మ గదిలో వినపడకూడదు. ఆమె పిల్లల ముందు గొంతుక్కూర్చుని, కళ్లలోకి చూసి, బేరం పెడుతుంది.

"చురుక్కుమంటుంది. తర్వాత అయిపోతుంది. నోరు నీది, ఎంత కావాలంటే అంత ఏడ్చుకో. చెయ్యి మాత్రం కాసేపు నాకియ్యి."

రెండేళ్ల పిల్లలకు ఈ బేరం ఏం తెలుస్తుందని ఒకసారి అడిగాను. "మాట తెలియకపోవచ్చే. మనిషి బొంకుతోందో లేదో మాత్రం తెలిసిపోతుంది" అంది. పుస్తకాలు చదువుకునే నాకు అది ఇంకా సరిగా తెలియదన్నట్టు ఒక చూపు కూడా చూసింది.

ఆ గది చిన్నది. గోడ మీద ఏనుగు బొమ్మ, పిల్లలు తడిమి తడిమి తొండం దగ్గర రంగు పోయింది. మధ్యలో తల్లి కూర్చోడానికి చేతుల్లేని కుర్చీ. బిడ్డ తల్లి గుండెకు గుండె ఆనించి, కాళ్లు ఆమె నడుం చుట్టూ వేసుకుని కూర్చుంటుంది. ఒక్క చెయ్యి మాత్రం తల్లి చంక కింద నుంచి ఇవతలికి వస్తుంది. అది పెద్దమ్మ వాటా. బిడ్డకు అమ్మ మెడ కనిపిస్తుంది, అమ్మ వాసన తగులుతుంది, సూది కనిపించదు. చూస్తానని పట్టుబట్టే ఘటికులను చూడనిస్తుంది.

ఆ గదిలో ఒక్క గొంతే వినపడాలని ఇంకో నియమం. మామూలుగా ఒక బిడ్డ వెంట నానమ్మ చప్పట్లు కొడుతూ, తాతయ్య ఈల వేస్తూ, బాబాయి ఫోన్లో కార్టూన్ పెట్టుకుని, మేనత్త "ఇటు చూడు, ఇటు చూడు" అంటూ లోపలికి వచ్చేస్తారు. ఆ బిడ్డ ఎటు చూడాలో తెలియక సూది వైపే చూస్తుంది. "పదండి, పదండి, ఇక్కడ పెళ్లేం లేదు" అని పెద్దమ్మ అందరినీ వరండాలోకి తోలేస్తుంది. తండ్రులకు మాత్రం మినహాయింపు. తలుపు పక్కన వాళ్ల కోసం ఒక కుర్చీ ఉంది, నాన్నల కుర్చీ అంటారు. ధీమాగా వచ్చిన తండ్రులు సూది కవరు చింపిన చప్పుడుకే తెల్లబోయి అందులో కూలబడుతుంటారు. "మీరు నేలను చూడండి బాబూ, పిల్లను నేను చూసుకుంటా" అంటుంది పెద్దమ్మ, ఎంతో దయగా. ఆ దయలో వెటకారం పాలు ఎంతో ఆ తండ్రులకే తెలియాలి.

"అల్లరి చేస్తే ఈవిడ చేత సూది వేయిస్తా" అని పిల్లలను బెదిరించే తల్లులంటే మాత్రం ఆమెకు ఒళ్లు మంట. "ఇంట్లో నన్ను బూచిని చేసి, ఇక్కడికొచ్చి ముద్దు చెయ్యమంటే ఎలాగమ్మా?" అని మొహం మీదే అడిగేస్తుంది.

ఇంత గొప్ప చురుక్కమ్మకు సూదంటే చచ్చేంత భయం.

తను పట్టుకున్న సూది కాదు, తనను గుచ్చే సూది. ఆసుపత్రి సిబ్బందికి ఏటా జరిగే ఆరోగ్య పరీక్ష దగ్గర పడుతుందనగా ఆమెకు జలుబు చేస్తుంది. లేదంటే ఆ రోజే ఇంట్లో నీళ్ల కుళాయి పాడవుతుంది. "ఊళ్లో పిల్లలందరి రక్తం తీసింది, తనది చుక్క రాలనివ్వదు" అని పెదనాన్న భోజనాల దగ్గర అంటారు. పెద్దమ్మ ఆయన కంచంలో ఇంకో గరిటె అన్నం వేసి నోరు మూయిస్తుంది. ఆమె కింద పనిచేసే ఆవిడను, చేరి ఏళ్లు గడిచినా, అందరూ ఇంకా కొత్తమ్మాయి అనే పిలుస్తారు. ఆ కొత్తమ్మాయి పరీక్షల జాబితాలో అందరి పేర్లూ కొట్టేసి, పెద్దమ్మ పేరు మాత్రం మిగుల్చుకుని, వీలు కోసం కాచుక్కూర్చుంది.

ఇక చిట్టెలుక సంగతి. చిట్టెలుక మా అక్క కూతురు, అంటే పెద్దమ్మ మనవరాలు. మూడో ఏడు నడుస్తోంది. అక్క ఉద్యోగానికి వెళ్తూ పిల్లను పుట్టింట్లో దింపి వెళ్తుంది. ఆదివారం కూడా పిల్ల అక్కడే, పెద్దమ్మకూ సెలవు కాబట్టి ఆ రోజు ఇల్లు ఆసుపత్రి అవుతుంది. గదిలోకి కొత్త ఉపాయం ఏది తేవాలన్నా ముందు చిట్టెలుక మీద పరీక్షించాల్సిందే. సబ్బు బుడగలు ఎంత మెల్లగా ఊదితే పిల్లలు కళ్లప్పగించి చూస్తారు, నక్షత్రం స్టిక్కర్ బాగుంటుందా కప్ప స్టిక్కర్ బాగుంటుందా, అన్నీ మనవరాలే తేల్చింది. రోగి ఒక గుడ్డ కుందేలు. చిట్టెలుక దాని చేతికి రబ్బరు పట్టీ కట్టి, సూది లేని సిరంజి ఆనించి, "నోరు నీది కుందేలూ, ఏడ్చుకో" అని గంభీరంగా చెప్పేది.

కుందేలు పని అయ్యాక, "అమ్మమ్మా, ఇప్పుడు నీ చెయ్యి" అనేది. పెద్దమ్మ రెండు చేతులూ కొంగులో దాచుకునేది. "అమ్మమ్మకి పొయ్యి మీద పాలున్నాయి" అంటూ వంటింట్లోకి మాయమయ్యేది. సూది లేని సిరంజికే! మేమందరం పగలబడి నవ్వేవాళ్లం. చిట్టెలుక నవ్వేది కాదు. మేం అది గమనించలేదు.

ఆ వానాకాలం చిట్టెలుక వాడిపోయింది. జ్వరం తగ్గినట్టే తగ్గి మళ్లీ వచ్చేది. పెదవులు పాలిపోయాయి, మేడ మెట్లెక్కుతూ సగంలో ఎత్తుకోమనేది. డాక్టరమ్మ కనురెప్పలు కిందికి లాగి చూసి, రక్తపరీక్ష ఇవాళే చేయించమంది. మందులు మొదలుపెడితే కొన్నాళ్లపాటు నెలనెలా చూడాల్సి వస్తుందని కూడా చెప్పింది. అక్క మొహంలో నెత్తురు చుక్క లేదు. పెద్దమ్మ మాత్రం ధైర్యంగా ఉంది. "నా గదిలో ఏడవని పిల్లలున్నారేమో గానీ, నా చేతిలోంచి చెయ్యి లాక్కున్న పిల్ల లేదు. పదండి" అంది. సంచి పట్టుకుని నేనూ వెళ్లాను.

గదిలోకి వెళ్లగానే పెద్దమ్మ బుడగల సీసా తీసింది. ఏ బిడ్డకైనా ఆ సీసా చూడగానే మొహం విప్పారుతుంది. చిట్టెలుక మొహం ముడుచుకుంది.

"బుడగలొద్దు. బుడగల తర్వాత సూది."

పెద్దమ్మ తడబడి కుందేలును తీసింది.

"కుందేలుకి అయిపోయింది."

"పోనీ, కప్ప స్టిక్కర్ ఇస్తానే?"

"అది సూది అయ్యాక ఇస్తావు. నాకు తెలుసు."

ఆమె కట్టుకున్న కోట రహస్యాలన్నీ తలుపు తీసి మరీ ఆమే ఈ పిల్లకు చూపించింది. ఇప్పుడు ఏ వైపు నుంచి వెళ్లినా ఆ పిల్ల ముందే అక్కడ నిలబడి ఉంది. రబ్బరు పట్టీ బయటకు రాగానే చిట్టెలుక అక్క మెడ కావలించుకుని ఆరున్నొక్క రాగం అందుకుంది. చేతులు రెండూ అక్క జాకెట్టు వెనక బిగించేసింది.

పక్క గదిలోంచి పెద్ద నర్సు తొంగి చూసింది. "దుప్పట్లో చుట్టేసి ఇద్దరం పట్టుకుంటే నిమిషం పని. మీకు తెలియందేముంది?"

అక్క కళ్లు తుడుచుకుంది. "అంతేనేమో అమ్మా. పట్టుకుందాం. ఎంతసేపని ఏడిపిస్తాం?"

"ఇవాళ ఒక్కరోజుతో అయిపోతే సరే. నెలనెలా రావాలే! ఇవాళ కట్టేసి గుచ్చితే, వచ్చే నెల గేటు దగ్గర్నించే మొదలెడుతుంది. ఆ పైన ఇంట్లో నా ఒళ్లోకి వస్తుందా?" పెద్దమ్మ కిందికి వంగి, "ఏం చేస్తే చెయ్యిస్తావు తల్లీ? నువ్వే చెప్పు" అని అడిగింది.

ఏడుపు ఆగింది. ముక్కు ఎగబీల్చి చిట్టెలుక చెప్పింది.

"ముందు అమ్మమ్మకి."

కొత్తమ్మాయి ఒక్క క్షణం కూడా పోనివ్వలేదు. "మేడం, జాబితాలో ఇంకా మీ పేరే మిగిలింది" అని ట్రే ముందుకు జరిపింది.

"నేను... పొద్దుట్నించి ఏం తినలేదే."

"ఇందాక నా డబ్బాలోది కూడా మీరే తిన్నారు కదండీ."

"చేతినరం దొరకదు నాకు."

"మనిద్దరం వెతుకుదాం మేడం. మీరు నేర్పిందేగా."

పెద్దమ్మ తన స్టూలు మీద కూర్చుంది. గాజులు పైకి తోసుకుంది. రెండో చెయ్యి నావైపు చాపితే పట్టుకున్నాను, మంచుముద్దలా ఉంది. అక్క ఒళ్లోంచి చిట్టెలుక నన్ను తేరిపార చూసింది.

"పిన్నీ, నువ్వు బయటికెళ్లు. ఇక్కడ పెళ్లేం లేదు."

నేను గడప దాకా వెనక్కి వెళ్లాను.

"అమ్మమ్మా, చురుక్కుమంటుంది. నోరు నీది. చెయ్యి మాది."

"సరేనమ్మా" అంది పెద్దమ్మ, లోగొంతుకతో. కళ్లు గట్టిగా మూసుకుంది. సూది దిగింది. "అమ్మో" అన్న మాట ఆమె ఆపుకునేలోపే బయటికి వచ్చేసింది. మూసిన రెప్పల కింద నుంచి ఒక కన్నీటి బొట్టు జారింది. చెయ్యి మాత్రం కదల్లేదు.

"చురుక్కుమందా?" అంది చిట్టెలుక.

పెద్దమ్మ కళ్లు తెరిచింది. అక్క తల్లి వైపు చూసి, లేదని చెప్పమన్నట్టు తల అడ్డంగా ఊపింది. నాకూ అదే అనిపించింది. ఈ ఒక్కసారికి, ఈ ఒక్క పిల్లకు, లేదంటే పోయేదేముంది? పెద్దమ్మ పెదవులు విడివడ్డాయి, మళ్లీ మూసుకున్నాయి.

"చురుక్కుమంది. గట్టిగానే."

అక్క ఉసూరుమంది. కొత్తమ్మాయి సూది తీసి దూది పెట్టింది. చిట్టెలుక ఆ దూదినీ, అమ్మమ్మ తడి కళ్లనూ మార్చి మార్చి చూసింది.

"అయిపోయిందా?"

"అయిపోయింది."

చిట్టెలుక వంగి, దూది మీద తన బొటనవేలు పెట్టి నొక్కింది. కప్ప స్టిక్కర్ అడిగి తీసుకుని అమ్మమ్మ చేతికి అంటించింది. అటు తిరిగి, అమ్మ గుండెకు గుండె ఆనించి, అక్క చంక కింద నుంచి తన చెయ్యి ఇవతలికి చాపింది.

"నాకు ఆ అక్క తియ్యాలి" అని కొత్తమ్మాయిని చూపించింది. " నువ్వెళ్లి కూర్చో."

పెద్దమ్మ లేచింది. రెండడుగులు వేసేసరికి గది తిరిగినట్టుంది, తలుపు పక్కనున్న కుర్చీలో కూలబడింది. ఏ కుర్చీయో చెప్పాలా?

"మీరు నేలను చూడండి మేడం, పిల్లను నేను చూసుకుంటా" అంది కొత్తమ్మాయి, ఎంతో దయగా.

చిట్టెలుక ఏడ్చింది. వరండాలో వాళ్లందరూ లేచి నిలబడేట్టు ఏడ్చింది. నోరు దానిదే కదా, పూర్తిగా వాడుకుంది. చెయ్యి మాత్రం ఇచ్చిన చోటే ఉంచింది.

ఒంట్లో రక్తం తక్కువగా ఉందని తేలింది, భయపడాల్సిందేం లేదంది డాక్టరమ్మ. అదే నోటితో పెద్దమ్మను కూడా కూర్చోమంది. ఆమె రక్తమూ అంతంతమాత్రమే. ఇన్నేళ్లూ తప్పించుకు తిరిగితే ఎవరికి తెలుస్తుంది? ఇద్దరికీ ఇనుము మందే రాసింది, పెద్దమ్మకు మాత్రలు, మనవరాలికి చెంచా మందు. "ఇద్దరూ నోళ్లు తెరవండి" అని పెదనాన్న రాత్రి భోజనాలయ్యాక పిలిచేవారు. పెద్దమ్మ చేతిలో అప్పుడు అన్నం గరిటె ఉండేది కాదు కాబట్టి ఆయన నోటికి అడ్డూ ఆపూ ఉండేది కాదు.

మరుసటి నెల ఇద్దరూ మళ్లీ వెళ్లాల్సి వచ్చింది. గేటు దగ్గర ఏడుపు లేదు. గది గుమ్మంలో మాత్రం ఒకరి కాళ్లు మొరాయించాయి. సంచిలో తాళాల గుత్తి వెతుక్కుంటున్నట్టు నటిస్తూ పెద్దమ్మ బయటే నిలబడిపోయింది. చిట్టెలుక లోపలికి వెళ్లి, అక్క ఒళ్లో ఎక్కి కూర్చుని, కొత్తమ్మాయితో చెప్పింది.

"ఇవాళ ముందు నాకు. అమ్మమ్మ చూసి నేర్చుకుంటుంది."

తన వంతు అయ్యాక, దూది చేత్తో అదిమిపట్టుకునే, బుడగల సీసా తెచ్చి పెద్దమ్మ ఒళ్లో పెట్టింది.

"ఊదు అమ్మమ్మా. మెల్లగా ఊదాలి."