మూడో దెబ్బ

లార్ప్ అనే ఆటంటే నాకిప్పటికీ గిట్టదు.

బెంగళూరు పక్కన ఆనేకల్ దగ్గర మా పాళెగాళ్ల ఇంటికి మిగిలింది ఒక రాతి వాకిలి, దాని వెనక సగం కూలిన ప్రహరీ. భూములు తాతల నాడే పోయాయి. మా వంశంలో అబద్ధమాడినవాడు లేడన్న పేరొక్కటే నా దాకా వచ్చింది.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో ఒక ఆదివారం, సర్జాపుర రోడ్డు అపార్టుమెంట్ల నుంచి పదిహేనుమంది సాఫ్ట్‌వేర్ వాళ్లు వచ్చిపడ్డారు. మా వాకిట్లో ఆడుకోవడానికి నన్నడక్కుండా మా తమ్ముడు సరేనన్నాడు. చిక్కపేట బట్టల బజారులో కొన్న జరీ ముక్కలు చుట్టుకుని, ప్లాస్టిక్ గొట్టాలకు స్పాంజి కట్టిన కత్తులు పట్టుకుని, వాళ్లు నా గడప మీద రాజులయ్యారు. నాకు ఒళ్లు మండింది.

వాళ్ల నాయకుడు వివరించాడు. విదేశాల్లో బల్ల చుట్టూ కూర్చుని, పాచికలు వేస్తూ వీరుల కథలు అల్లుకునేవాళ్లట. కూర్చోవడం విసుగొచ్చిన కొందరు లేచి అడవిలోకి నడిచారట. అలా పుట్టిందట ఈ ఆట. ఒక్కొక్కరికి ఒక పాత్ర. ఈల వేసేదాకా ఆ మనిషిగానే మాట్లాడాలి, నడవాలి. ముందే రాసిన మాటలుండవు. చూసేవాళ్లూ ఉండరు.

"చూసేవాళ్లు లేని నాటకం ఎవరికయ్యా?"

"మాకే సార్. ఒక్కరు తక్కువుండారు. మీరు వాకిలి కాపలా చేస్తారా?"

"నా వాకిలికి నేనే కాపలావాడినా?"

"అంత మీసముండాది, మీకు వేషమే అక్కర్లేదు సార్" అంది శత్రు సేనాని పాత్ర దొరికిన అమ్మాయి. ఎవరో నర్సు కూతురట. అందరూ నవ్వారు.

ఆ నవ్వుకే కత్తి అందుకున్నాను. వీళ్లలో ఒక్కడినీ నా వాకిలి దాటనివ్వకూడదనుకున్నాను. మూడు దెబ్బలు తగిలితే చచ్చినట్టు. తీర్పు చెప్పేవాడు లేడు. తగిలిందో లేదో తిన్నవాడే చెప్పాలి.

ఆ అమ్మాయి నా మీదికొచ్చింది. ఇద్దరం చెరి రెండు దెబ్బలు తిన్నాం, ఎవరివి వాళ్లం పైకే లెక్కపెట్టుకున్నాం. మూడోది నా వీపు మీద చప్పుడయ్యేలా పడింది.

"తగల్లేదు" అన్నాను.

ఆమె నా ముఖంలోకి చూసింది. "సరే సార్. మీరు చెప్పిందే లెక్క."

గొంతులో వెటకారం లేదు. ఉన్నా బాగుండేది.

ఆవేశంగా కత్తి తిప్పి కొట్టాను. ఆమె చున్నీ అంచుకు రాసుకుందంతే. తప్పిందనే అనుకున్నాను.

"మూడు" అని ఆమె మట్టిలో పడుకుంది.

ఈల వేశారు. వాకిలి నిలిచిందని నాకు చప్పట్లు కొట్టారు. ఆమె కూడా లేచి, మట్టి దులుపుకుని కొట్టింది.

"మళ్లీ వచ్చే నెల రావచ్చా సార్?" అన్నాడు నాయకుడు.

"రావద్దు. మీ గెంతులకు గోడరాళ్లు కదిలిపోతున్నాయి."

మా తమ్ముడు వెళ్లి గోడంతా తడిమి చూశాడు. ఒక్క రాయీ కదల్లేదు.