చిన్ని ముఖం తిప్పుకున్నాక

మీరు మా వాళ్లెవరికీ తెలియరు కాబట్టి మీకు చెప్తున్నాను. ఒక అబద్ధాన్ని ఇన్నేళ్లుగా మోస్తున్నాను. ఆడింది ఒక్కసారే. మోయడం మాత్రం రోజూ.

తెలంగాణ కోసం రోడ్ల మీద వంటావార్పు చేసిన రోజులవి. బస్సులు బంద్. దేవరుప్పుల రోడ్డు మీద మూడు రాళ్ల పొయ్యిలు, ఊరంతటికీ ఒకే బంతి. పొగకు కళ్లు మండుతున్నా నవ్వుకుంటూ కిచిడీ కలిపిన ఆ పొద్దు గుర్తొస్తే ఇప్పటికీ మనసు అక్కడికే పోతుంది. అంత మంచి రోజును నా చేతులతో నేనే పాడు చేసుకున్నాను.

మా యారాలికి, అంటే మా మరిది భార్యకు, అప్పుడు పది నెలల పాప. చిన్ని అనేవాళ్లం. యారాలు పాప ముందు గిన్నె పెట్టేది. అది తన వేళ్లతో తిన్నంత తినేది. ముఖం తిప్పుకుంటే గిన్నె తీసేసేది. నేనేమో నా పిల్లలిద్దరినీ చాపిన కాళ్ల మీద పడుకోబెట్టి, ముక్కు పట్టుకుని, నోట్లో జావ పోసి పెంచినదాన్ని. మా అత్త నాకు నేర్పిన పద్ధతి అది. ఆ రోజు చిన్ని ముఖం తిప్పుకున్నాక కూడా నేనింకో ముద్ద పెట్టబోయాను. బంతిలో అందరి ముందూ యారాలు నా చెయ్యి ఆపింది.

"ఆకలైతే అదే తింటది అక్కా. కడుపు దానిదా, నీదా?"

అందరూ నవ్వారు. ఎవరెవరు నవ్వారో ఇప్పటికీ వరుసగా చెప్పగలను.

కాసేపటికి ఆడవాళ్లు బతుకమ్మ ఆడటానికి లేచారు. యారాలు పాపను నా దగ్గరే వదిలి వెళ్లింది. నన్ను అంత నమ్మిన మనిషి మీద నాకెందుకంత కసి? గిన్నె ఖాళీ చేసి చూపించాలనుకున్నాను. కిచిడీలో నీళ్లు కలిపాను. రోడ్డు పక్కన వేసిన డేరా వెనక కాళ్లు చాపి పాపను పడుకోబెట్టాను. ముక్కు పట్టుకుని నోట్లో పోశాను. మూడో గుక్కకు పాపకు ఊపిరాడలేదు. ముఖం నల్లబడింది. బోర్లా తిప్పి వీపు చరిచాను. కక్కింది, ఏడ్చింది.

ఏడుపు విని అందరూ పరుగెత్తుకొచ్చారు. నేనేమన్నానో తెలుసా?

"అదే గుప్పిట్ల తీసి నోట్ల కుక్కుకున్నది. ఇష్టమొచ్చినట్టు తిననిస్తే గిట్లనే అయితది."

అత్త యారాలిని అక్కడే తిట్టింది. మర్నాడు యారాలు నా దగ్గరికొచ్చి కాళ్లు ఎట్లా చాపాలో, ముక్కు ఎట్లా పట్టుకోవాలో అడిగింది. నేర్పాను. గెలిచాననుకున్నాను.

చిన్ని ఇప్పుడు కాలేజీకి పోతోంది. కంచం ముందు కూర్చుంటే ఇప్పటికీ తల్లి ముఖమే చూస్తుంది, ఇంకా తినాలా, లేవొచ్చా అని. ఎవరూ చూడకపోతే ఎంత తినాలో దానికి తెలియదు. పది నెలలప్పుడు తెలుసు.

నలుగురిలో నన్ను నవ్వులపాలు చేసినందుకు యారాలిని నేను క్షమించలేదు. క్షమించను కూడా. కానీ ఆమె అన్నది నిజం. ఆమెకు ఈ సంగతి చెప్పే ధైర్యం నాకొస్తుందా? తెలియదు.

ఆ గుక్కలు పాప తాగలేదు, నేను పోశాను. ఈ మాట ఇంతవరకు ఏ కాగితం మీదా లేదు.