మెట్లవైపు తిరిగిన చెప్పులు

నేను జపాన్ చూడలేదు. ఇక చూస్తాననీ అనుకోను. అయినా మగోమే అనే ఊరి నుంచి త్సుమగో అనే ఊరికి పోయే పాత బాట గురించి నన్నడగండి. అక్కడికి బస్సులో వెళ్ళి ఫొటోలు తెచ్చి చూపించే మా చుట్టాల కన్నా నేనే బాగా చెబుతాను. రాతి పలకల ఎక్కుడు ఎక్కడ మొదలవుతుందో, కనుమ ఎక్కడ వస్తుందో, జంట జలపాతాల్లో ఏది మగది, ఏది ఆడది అంటారో అన్నీ తెలుసు. ఆ బాటంతా నేను కువైట్‌లో నడిచాను. సాల్మియాలో మా మూడో అంతస్తు ఫ్లాట్‌లో, వంటింటి గుమ్మం నుంచి పడగ్గది కిటికీ దాకా. పంతొమ్మిది అడుగులు. ఇరాక్ సైన్యం ఊళ్ళో దిగిన ఆగస్టు నెలలో.

నడిపించింది మా ఎదురు ఫ్లాట్ జపాన్ ఆవిడ. యాభై దాటిన మనిషి, సన్నగా, చువ్వలా ఉండేది. వాళ్ళ దేశస్థులందరినీ ఒకచోటికి రమ్మని కబురొస్తే, ముందు నేను చూసొస్తానని భర్త వెళ్ళాడు. అక్కడికి చేరినవాళ్ళందరినీ బాగ్దాద్ పట్టుకుపోయారని మూడోరోజు తెలిసింది. ఆ సాయంత్రం ఆవిడ మా తలుపు తట్టింది. చేతిలో చిన్న సంచి, కాళ్ళకి నడక బూట్లు. అలాంటి విదేశీయుల్ని ఇళ్ళల్లో దాచినవాళ్ళకి ఉరి అని రేడియోలో అప్పటికే చెబుతున్నారు. ఇండియావాళ్ళం కనక మేము రొట్టెల క్యూ దాకా పోయి రాగలం. ఆవిడ గడప దాటితే అంతే. లోపలికి రమ్మన్నాను. నాకేదో ధైర్యం ఉందని కాదు, గుమ్మంలో నిలబెట్టి మాట్లాడితే పక్కవాళ్ళు చూస్తారని.

మా ఆయన సెలవు మీద అమలాపురం వెళ్ళి అక్కడే చిక్కుకుపోయాడు. ఇంట్లో నాకు తోడు కడపామె ఒకతి. సబా అల్ సలేంలో ఆమె పనిచేసే ఇంటివాళ్ళు సౌదీకి పారిపోతూ ఆమె పాస్‌పోర్టు కూడా పట్టుకుపోయారు. యజమానురాలిని మామా అని పిలిచే అలవాటు మాత్రం ఆమెకి మిగిలింది. జపాన్ ఆవిడకీ అదే పిలుపు.

"అక్కా, ఈ మామా సూడు, అన్నం పెడితే చేతులు జోడించి ఏందో మంత్రం చదువుతాది. మా మామా అయితే పళ్ళెం సూసి నన్ను తిట్టేది."

"ఇక్కడ మామాలెవరూ లేరు. ఇంకోసారి అలా పిలిచావంటే గోడలకి వినబడుతుంది."

"గోడలకు తెలుగు రాదులే అక్కా."

కింది ఫ్లాట్ ఖాళీ అయితే అందులో సైనికులు దిగారు. పగలంతా తెరలు దించుకుని కూర్చునేవాళ్ళం. కూర్చుని కూర్చుని మోకాళ్ళు బిగుసుకుపోతున్నాయని ఆవిడ నడక మొదలుపెట్టింది. వట్టి కాళ్ళతో, పిల్లి నడక. గోధుమపిండి అట్టపెట్టె చింపి దాని వెనక బాట గీసింది. పూర్వం టపా మోసేవాళ్ళూ యాత్రికులూ నడిచిన దారట, మధ్యలో మజిలీ ఊళ్ళు. కిటికీ దగ్గర తిరిగినప్పుడల్లా వేళ్ళు మడిచి, ఇప్పుడు నీటి చక్రం వచ్చింది, ఇప్పుడు దేవదారు చెట్లు, ఇక్కడ ఎలుగుబంట్లు తిరుగుతాయి కనక గంట కొట్టాలి అని వచ్చీరాని ఇంగ్లీషులో చెప్పేది.

"గంట ఒక్కటే తక్కువ మనకి," అన్నాను.

త్సుమగోలో కరెంటు తీగలు కూడా కళ్ళకి కనబడనివ్వరట. అమ్మం, అద్దెకివ్వం, పడగొట్టం అని ఊరంతా ఒట్టు పెట్టుకున్నారట. తెర సందులోంచి వీధిలోకి చూపించాను. ఎవరింటి ఫ్రిజ్జో సైనికుల లారీ ఎక్కుతోంది. "ఒట్లతో ఊళ్ళు నిలుస్తాయా?" అని వాదనకి దిగాను. ఆవిడ వాదించదు. అదే నాకు మంట. తల ఊపి మళ్ళీ నడక.

ఒకరోజు మాత్రం తనంతట తనే ఆగి చెప్పింది. ఆ బాట మీద పూర్వం ఒక కాపలా ఠాణా ఉండేదట. రెండింటినే వెతికేవాళ్ళట: లోపలికొచ్చే తుపాకుల్ని, బయటికెళ్ళే ఆడవాళ్ళని. ఆడవాళ్ళ జుట్టు విప్పించి మరీ చూసేవాళ్ళట. ఆ పూట ఎవరమూ నడవలేదు.

అసలు సంగతి చెప్పులది. మా చెప్పులు తలుపు బయటే ఉంటాయి కదా. ఆ రోజుల్లో అవే మాకు కాపలా. రెండు జతల అరిగిన చెప్పులు కనబడితే ఇది హిందీవాళ్ళ, అంటే ఇండియావాళ్ళ ఇల్లు, మనుషులున్నారు, దోచడానికి ఏమీ లేదు అని అర్థం. ఆవిడ బూట్లు బియ్యం డబ్బా వెనక దాచాం. అలా పది రోజులు గడిచాక ఒక ఉదయం చూద్దును కదా, మా రెండు జతలూ పక్కపక్కన, ముక్కులు మెట్లవైపు తిప్పి, బళ్ళో పిల్లల్లా బారుగా ఉన్నాయి.

"ఇదేమిటండీ?"

బయటికి వెళ్ళేవాళ్ళు తిరిగి వేసుకునే పని లేకుండా అలా పెట్టడం వాళ్ళ మర్యాదట. తెల్లవారకముందే తలుపు ఓరగా తీసి, చెయ్యి చాపి తిప్పిందట. చడామడా తిట్టాను. నడుం వంచి క్షమించమంది. చెప్పుల్ని కాలితో చెదరగొట్టి లోపలికొచ్చాను.

నాలుగు రోజులాగి బిల్డింగ్ హారిస్ మెట్ల మీద ఎదురొచ్చాడు. హారిస్ అంటే కాపలావాడే గానీ అందరి గుట్టూ అతని జేబులోనే. తన హిందీలో మెల్లిగా అన్నాడు:

"మదాం, మీ చెప్పులు మెట్లవైపు చూస్తున్నాయి. ఈ అంతస్తులో అలా పెట్టేది ఒక్క ఇల్లే. వాళ్ళు వెళ్ళిపోయారు కదా?"

"వెళ్ళిపోయారు."

"మంచిది. కిందివాళ్ళు నన్నింకా అడగలేదు. అడిగితే ఏం చెప్పాలా అని."

పైకొచ్చి చూస్తే నిజమే, బయట మిగిలిన కడపామె జత ముక్కులు మెట్లవైపే ఉన్నాయి. ఆ సాయంత్రం ఆవిడ అక్షరం ఉన్న ప్రతి కాగితమూ గ్యాస్ పొయ్యి మీద కాల్చాం. అట్ట మీది బాట, ఆవిడ మాకు రాసిచ్చిన విలాసం, అన్నీ. కాలుతుంటే ఆవిడే గరిటెతో ఎగదోసింది. నేను మాత్రం నోరు కట్టుకోలేకపోయాను.

"మీ మర్యాద మా మెడకి ఉరితాడు. ఒకసారి చెబితే మనిషికి అర్థం కాదా? అంత నడవాలనుంటే నిజం దారే పట్టండి!"

ఆవిడ నా మొహంలోకి చూసింది. ఏదో చెప్పబోయింది. మళ్ళీ నడుం వంచింది, అంతకు ముందుకన్నా కిందికి.

అప్పటికి రెండురోజుల కిందటే రేడియోలో, బందీల దేశాల ఆడవాళ్ళూ పిల్లలూ వెళ్ళిపోవచ్చన్నారు. అదంతా వల అని వాదించి ఆవిణ్ణి ఆపింది నేనే. వెళ్ళు అన్నదీ నేనే.

మర్నాడు తెల్లవారుజామున రొట్టెల క్యూకి పోయి, నాలుగు రొట్టెలు చేతబట్టుకుని తిరిగొచ్చాను. కింది ఫ్లాట్ గుమ్మంలో సైనికుల బూట్లు ఎప్పుడూ గుట్టగా పడుంటాయి. ఇవాళ ఆరు జతలూ బారు తీరి ఉన్నాయి, ముక్కులు వీధి గేటు వైపు.

ఆవిడ వెళ్ళిపోయిందని అప్పుడే తెలిసింది. అలవాటో పొగరో, ఇప్పటికీ చెప్పలేను. లోపల ఎవడో దగ్గాడు. రొట్టెలు చంకన పెట్టుకుని వంగి, ఒక్కొక్క బూటూ ఎత్తి మళ్ళీ గుట్టలో పడేశాను. ఒకటి ఇంకా తడిగా ఉంది. చేతులకి అంటిన నల్ల పాలిష్ మధ్యాహ్నం దాకా వదల్లేదు.

పైన మా ఇంట్లో కొక్కేనికి కడపామె నల్ల ముసుగు, అబాయా, లేదు. బియ్యం డబ్బా వెనక బూట్లు లేవు. కడపామె నిద్రలో ఉంది. కారులో దింపుతానంటే వద్దని నడిచే వెళ్ళిందని హారిస్ తర్వాత చెప్పాడు. వాళ్ళ ఎంబసీ దాకా ఎంత దూరమని అడిగాను. పది కిలోమీటర్లకి తక్కువే అన్నాడు. మగోమే నుంచి త్సుమగోకి ఇంచుమించు అంతే. మధ్యలో ఎన్ని ఠాణాలున్నాయో నేను అడగలేదు. చేరిందో, ఎవరైనా అబాయా ముసుగు తీయించారో, ఏదీ తెలియదు. ఉత్తరం రాద్దామంటే విలాసం మేమే కాల్చాం.

ఆ మర్నాడు పొద్దున తలుపు తీశాను. మా రెండు జతలూ పక్కపక్కన, మెట్లవైపు.

"ఇది ఎవరి పనే?" అని కేకేశాను.

కడపామె కొంగుతో మొహం తుడుచుకుంటూ వచ్చింది. "ఎవురి పనేందక్కా, నీదే. రొట్టెలు తెచ్చి లోపలికొచ్చేటప్పుడు దినామూ నువ్వే వంగి తిప్పుతావు. ఆ మామా నువ్వు తిట్టిన దినమే మానేసింది."

"మరి ఆ సాయంత్రం చెప్పవేమే?"

"చెప్పబోతి. నువ్వు అటు తిరగ్గానే ఆ మామా నీ ఎనకాల నిలబడి, వద్దని చెయ్యి ఊపింది."

నేను వంగాను, చెప్పులు చెదరగొడదామని. చాలాసేపు అలాగే వంగి ఉన్నాను.